మర్యాద ఓటు

డ్రైవర్ల గది, బస్ డిపో
కిటికీ పక్క బల్ల

పిన్నీ,

ఎలా ఉన్నావని తర్వాత అడుగుతాను. ముందు నేనెలా ఉన్నానో విను. నిన్న సాయంత్రం నుంచి నాకు కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఇవాళ పొద్దున చేతిబ్రేకు తియ్యకుండానే బస్సు కదిలించబోయాను. పదకొండేళ్ళ సర్వీసులో ఇదే మొదటిసారి. వెనక కూర్చున్న ఆస్పత్రి వంటావిడ "ఏమ్మా, ఇవాళ మనం ఇక్కడే ఉంటామా?" అంటే బస్సంతా నవ్వింది.

మా పద్నాలుగో నంబరు రూటులో కొండ మీది ఐదు స్టాపులు ఎత్తేస్తామంటున్నారని నీకు చెప్పాను కదా. నిన్న నగర సభలో దాని మీద జనం మాట వింటామన్నారు. డ్యూటీ దిగి యూనిఫాంతోనే వెళ్ళాను. మనిషికి మూడు నిమిషాలు, అయిపోతే ఎర్ర బల్బు వెలుగుతుంది. మా వార్డు కౌన్సిలరుగారు ముందు లేచారు. ఇరవై ఏళ్ళుగా ఆ కుర్చీ ఆయనదే. రిటైరైన లెక్కల మాస్టారు, చాలా పెద్దమనిషి తరహా. కళ్ళజోడు సర్దుకుని, "మొదటి ట్రిప్పులో కొండ మీద ఎక్కేది సగటున పదకొండు మంది. పదకొండు మంది కోసం ఒక బస్సు నడుపుతున్నాం" అని చదివారు. హాల్లో అందరూ నిజమే నిజమే అన్నట్టు తలలూపారు.

నాకు ఒళ్ళు మండింది. మైకు దగ్గరికి వెళ్ళి, "సార్, ఆ పదకొండు మంది ఎవరో నేను చెబుతాను" అన్నాను. ఒకావిడ ఆస్పత్రి వంటింటి తాళం తీస్తుంది. ఇద్దరు అదే ఆస్పత్రి దుప్పట్లు ఉతుకుతారు. ఒకాయన బేకరీలో పొయ్యి వెలిగిస్తాడు, ఇంకొకాయన బడి గేటు తీస్తాడు. అలా పదకొండు మందినీ చెప్పుకుంటూ పోయి, "వీళ్ళు కిందికి దిగకపోతే మీ ఊరు నిద్ర లేవదు" అన్నాను. మధ్యలో ఎర్ర బల్బు వెలిగింది. చూశాను, ఆగలేదు. ఎర్ర దీపం దగ్గర ఆగకపోవడం కూడా సర్వీసులో మొదటిసారే.

అసలు సంగతి ఇప్పుడు వస్తోంది. ఇవాళ పొద్దున ఆ పదకొండు మందీ ఒక కాగితం పట్టుకుని ఎక్కారు. కౌన్సిలరు ఎన్నికకి నామినేషను కాగితం. నా పేరుకి చోటు వదిలి, కింద పదకొండు సంతకాలు పెట్టేశారు. మొత్తం నలభై కావాలట. "మిగతావి మేం తెస్తాం, నువ్వు ఊఁ అను" అంటున్నారు. ఎన్నిక అయిన వారానికే కొత్త కౌన్సిలు మా రూటు మీద ఓటు వేస్తుంది. అందుకని వీళ్ళ తొందర.

పిన్నీ, నాకు పౌరసత్వం వచ్చి నాలుగేళ్ళే. ఇప్పటికీ ఏ ఆఫీసుకి వెళ్ళినా రెండు మాటలు వినగానే "మీది ఏ దేశం?" అంటారు. నేను నిలబడడమేమిటి? మా ఆయన్ని అడిగితే "కూర్చుని చేసే ఉద్యోగం, నడుం నొప్పి అంటావుగా, నిలబడు" అంటాడు. ఈయనతో ఇదే బాధ.

నువ్వు మూడుసార్లు నిలబడిన మనిషివి. నిజం చెప్పు. ఫోన్ చేద్దామంటే స్పీకరు పెట్టి షాపులో ఉన్నవాళ్ళందరికీ వినిపిస్తావు. ఉత్తరమే రాయి.

నీ గడుగ్గాయి

&nbsp;

కుట్టు షాపు
కత్తిరింపు బల్ల మీంచి

ఒసేయ్ గడుగ్గాయీ,

నీ ఉత్తరం బల్ల మీద పరుచుకుని మూడుసార్లు చదివాను. మూడోసారి చదువుతూ చదువుతూ ఒక టీచరమ్మ గుడ్డ రెండంగుళాలు పొట్టిగా కోసేశాను. ఆవిడ వస్తే ఏం చెప్పాలో ఇంకా తోచలేదు.

నిలబడనా అని నన్ను అడుగుతావేమే. ఎర్ర బల్బు వెలిగాక కూడా మాట్లాడావంటే అప్పుడే నిలబడ్డట్టు లెక్క. మీ బాబాయి కూడా అదే అన్నాడు. ఆయన ఏ విషయంలోనూ ఇదీ అని తేల్చడు, అలాంటి మనిషి తేల్చాడంటే ఇక నువ్వు ఆలోచించకు.

గెలవడం ఎలాగో నాకు తెలియదు కాని, ఓడిపోవడం గురించి నాకన్నా బాగా చెప్పగలవాళ్ళు మన చుట్టుపక్కల లేరు. మొదటిసారి నూట తొంభై ఓట్ల తేడాతో పోయాను. ఎందుకంటే షాపులోంచి కదలకుండా వచ్చినవాళ్ళనే అడిగాను. రెండోసారి ఇల్లిల్లూ తిరిగాను. నలభైతో పోయాను. ఓటు అడిగిన నోటితోనే "మీ గుడ్డలు కుట్టి మూడు నెలలైంది, ఎప్పుడు తీసుకెళ్తారు?" అని కూడా అడిగానట, మీ బాబాయి చెప్పాడు. మూడోసారి ఒకే ఒక్క ఓటు. నా కత్తెర గుర్తుకి ఐదు వందల డెబ్బై రెండు, మందులషాపు ఆవిడ గొడుగుకి ఐదు వందల డెబ్బై మూడు. ఆ ఒక్కటీ ఎవరి దగ్గర పోయిందో ఊరందరికీ తెలుసు. మా తోడికోడలి దగ్గర. మా రెండు వంటిళ్ళ మధ్య గోడలో కిటికీ ఉండేది, చిన్నప్పుడు నువ్వు దాంట్లో దూరబోయి ఇరుక్కుపోయావు, గుర్తుందా? దానికి గడియ పెట్టి తొమ్మిదేళ్ళయింది. ఆ ఊసు ఇక ఎత్తకు.

నీకు చెప్పేదల్లా ఒకటే. ఇల్లిల్లూ తిరుగు, వాళ్ళు చెప్పేది పూర్తిగా విను. నీ గొప్ప నువ్వు చెప్పుకోకు, వినేవాళ్ళకి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆ మాస్టారిని ఒక్క మాట తూలకు. మన ఇంటి పిల్ల గెలిచినా మర్యాదగానే గెలవాలి.

యూనిఫాం వేసుకుని ఓట్లు అడగకూడదని రూలు ఉండే ఉంటుంది, కనుక్కో. కోటు కుట్టి పంపుతాను, కొలతలు రాయి. పెళ్ళినాటి కొలతలు పంపావంటే ఊరుకోను.

నీ పిన్ని

&nbsp;

కొండ మీద చివరి స్టాపు
బస్సు మళ్ళీ తీసే లోపు, స్టీరింగు మీద పెట్టి రాస్తున్నాను

పిన్నీ,

నలభై సంతకాలు అడిగితే నూట ఆరు వచ్చాయి. నామినేషను తీసుకున్న గుమాస్తా లెక్కపెట్టలేక విసుక్కున్నాడు. నువ్వన్నది నిజమే, యూనిఫాంతో అడగకూడదట, డ్యూటీలో ఉండగా నోరెత్తకూడదట. అందుకని డ్యూటీ దిగి బట్టలు మార్చుకుని, రోజూ నా రూటంతా నడుస్తున్నాను. పై స్టాపు నుంచి కింది స్టాపు దాకా, దారిలో ఉన్న ప్రతి తలుపూ.

మొదటి వారం ఏం జరిగిందో విను, నవ్వకు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఈ ఊళ్ళో నేనంటే ఎవరికీ గిట్టదేమోనని దిగులు పడిపోయాను. అప్పుడు మా అమ్మాయి నా వెంట వచ్చి, రెండు వీధులు చూసి, "అమ్మా, నువ్వు బెల్లు కొట్టి సరిగ్గా ఎనిమిది సెకన్లు ఆగి వెళ్ళిపోతున్నావు" అంది. అవునే పిన్నీ! మనిషి కనబడకపోతే స్టాపు దగ్గర మేం ఆగేది ఎనిమిది సెకన్లు. పదకొండేళ్ళ అలవాటు, ఒంట్లో పాతుకుపోయింది. లోపల మోకాళ్ళ నొప్పులవాళ్ళు కుర్చీలోంచి లేచి చెప్పులు వెతుక్కుని వచ్చేసరికి నేను పక్క వీధిలో ఉంటున్నాను. ఇప్పుడు అరవై దాకా లెక్కపెడుతున్నాను. తలుపులన్నీ తెరుచుకుంటున్నాయి.

నిన్న ఒక తాతగారు తలుపు తీశారు. చూపు బొత్తిగా లేదు. నేను నమస్కారం అనగానే "పద్నాలుగో నంబరు కదూ? ఏదీ, తర్వాతి స్టాపు చెప్పు" అన్నారు. బస్సులో చెప్పినట్టే చెప్పాను. ఆయన లోపలికి తిరిగి, "ఇదిగో, పద్నాలుగు వచ్చింది, కుర్చీ వెయ్యి" అని భార్యని కేకేశారు. ఇప్పుడు వార్డులో నా పేరే అది. వీధిలో పిల్లలు కూడా పద్నాలుగూ అని పిలుస్తున్నారు.

అందరూ కుర్చీలు వెయ్యరులే. ఒకడు తలుపు సందులోంచి "మీ ఊరికి పోయి నిలబడు" అన్నాడు. నాకు చటుక్కున నువ్వు గుర్తొచ్చావు. "మా ఊళ్ళో మా పిన్ని నిలబడుతుందండీ, అక్కడ ఖాళీ లేదు" అన్నాను. పక్కవాటా ఆవిడ విని కడుపు పట్టుకుని నవ్వింది. తన ఓటు నాకేనంది.

కొలతలు ఈ కాగితం వెనక ఉన్నాయి. నడుము దగ్గర నిజమే రాశాను. టైమైంది, తలుపులు వేస్తున్నాను.

నీ పద్నాలుగు

&nbsp;

కుట్టు షాపు

పద్నాలుగమ్మగారికి,

అక్కడ ఖాళీ లేదన్నావా? షాపులో చదివి వినిపిస్తే కాజాలు కుట్టే ఆవిడ సూది గుచ్చుకుని కూడా నవ్వడం మానలేదు.

నీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. ట్రయలు గది పక్క గోడ మీద సుద్దతో మీ పద్నాలుగో నంబరు రూటంతా గీశాను. నువ్వు రాసిన స్టాపులన్నీ పెట్టాను. ఏ వీధిలో తలుపులు తెరుచుకున్నాయని రాస్తే అక్కడ ఒక గీత. కొలతలకి వచ్చినవాళ్ళు ముందు ఆ గోడ చూసి, "బేకరీ దగ్గర ఏమైనా కదిలిందా?" అని అడిగి, ఆ తర్వాత చేతులు చాపుతున్నారు. మా జన్మలో చూడని ఊరు, మా వాళ్ళందరికీ నోటికొచ్చేసింది. వీధి వీధంతా తామే నిలబడ్డట్టు హడావిడి పడుతున్నారు.

కోటు పంపించాను. లోపల రెండు జేబులు, ఒకటి కళ్ళజోడుకి, ఒకటి ఉత్తరానికి. భుజాల దగ్గర వదులు ఉంచాను, చెయ్యి ఎత్తి మాట్లాడడానికి. ముదురు నీలం. మురికి కనబడదు, మనిషి కనబడుతుంది.

మర్యాద మాత్రం మర్చిపోకు.

పిన్ని

&nbsp;

డ్రైవర్ల గది, బస్ డిపో
కోటు వేసుకునే రాస్తున్నాను

పిన్నీ,

నీ కోటు వేసుకుని గ్రంథాలయం హాల్లో మాస్టారితో ఎదురెదురుగా మాట్లాడాను. వెనక నిలబడ్డవాళ్ళు కూడా ఉన్నారు. చెయ్యి ఎన్నిసార్లు ఎత్తానో, భుజం ఎక్కడా పట్టెయ్యలేదు. ఒకావిడ చివర్లో వచ్చి ఈ కోటు ఎక్కడ కొన్నావంది. ఇది కొంటే దొరికేది కాదన్నాను.

మా డిపోలో పందేలు కాస్తున్నారు. ఆరు నెలల క్రితం నా పేరు వింటే భుజాలెగరేసినవాళ్ళు ఇప్పుడు "గట్టి పోటీ" అంటున్నారు. పన్నెండు రోజుల్లో పోలింగు. నిద్రలో కూడా తలుపులు కొడుతున్నానట, మా ఆయన చెప్పాడు, మంచం పట్టీ మీద.

ఇవాళ ఏమైందంటే, మధ్యాహ్నం ట్రిప్పులో మాస్టారు స్వయంగా నా బస్సెక్కారు. టోపీ తీసి, నా వెనక మొదటి సీట్లో కూర్చున్నారు. చివరి స్టాపులో బస్సు ఆపాక లేచి వచ్చి అన్నారు కదా, "అమ్మా, నేను ఐదు ఎన్నికల్లో ఒక పద్ధతి పాటించాను. నా ఓటు ఎప్పుడూ నాకు ఎదురు నిలబడ్డ మనిషికే వేశాను. తన పేరు మీద తను గీత పెట్టుకోవడం నాకెందుకో సిగ్గుగా ఉంటుంది. ఈసారి నా ఓటు నీకు. నీ ఓటు నాకు వేస్తావా? రెండూ చెల్లుకి చెల్లు, మర్యాద మిగులుతుంది."

పిన్నీ, నాకు కళ్ళు చెమర్చాయి. ఈ దేశం వచ్చి ఇన్నేళ్ళయింది, మన ఇంట్లో మాట లాంటి మాట ఇక్కడ ఒకరి నోట వినడం ఇదే మొదలు. నాకూ లోపల అదే బెరుకు ఉంది. ఓటు వేసే గదిలో నా పేరు పక్కన నేనే గీత పెట్టుకోవాలంటే, ముందు నా కంచంలో నేనే వడ్డించుకున్నట్టు అనిపిస్తోంది. సరేనన్నాను. చెయ్యి కలిపాను. బస్సులో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. వంటావిడ ఒక్కతే మూతి ముడుచుకుని కూర్చుంది.

నువ్వున్నా ఇదే చేసేదానివి కదూ? నీ పెంపకం వట్టిపోలేదు, చూశావా.

నీ గడుగ్గాయి

&nbsp;

షాపు, తలుపు వేసి

అమ్మడూ,

నిన్న ఫోన్లో "నా ఉత్తరం అందేదాకా ఓటు వెయ్యకు" అని టక్కున పెట్టేశాను. షాపులో ఆరుగురున్నారు, గోడకి అవతల మా తోడికోడలు ఉంది. ఇంతకన్నా నోరు తెరవలేకపోయాను. ఇది కొరియర్ ఆఫీసుకి నేనే పట్టుకెళ్ళి ఇస్తాను. పోలింగుకి రెండు రోజుల ముందే అందుతుందని వాళ్ళు ఒట్టేసి చెప్పారు. మిట్ట మధ్యాహ్నం నా షాపు మూసి ఉండడం చూసి మీ బాబాయి కంగారుగా వచ్చాడు. ఆయన్ని కూడా అరుగు మీదే కూర్చోబెట్టాను.

నీ పెంపకం వట్టిపోలేదు అన్నావు చూడు, అక్కడ నాకు గుండె గుభేలుమంది.

మూడోసారి పోలింగుకి ముందు రోజు మందులషాపు ఆవిడ మా ఇంటికి వచ్చింది. "వదినా, మన ఓటు మనమే వేసుకుంటే ఏం బాగుంటుంది? నాది నీకు, నీది నాకు" అంది. అచ్చం మీ మాస్టారి మాటే. నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. ఎంత సంస్కారం అనుకున్నాను. మర్నాడు లోపల కాగితం విప్పితే నా కత్తెర కనబడుతోంది. ముద్ర చేతిలో ఉంది. తీసుకెళ్ళి గొడుగు మీద వేశాను. వేసి, పెద్ద ఘనకార్యం చేసినట్టు నవ్వుకుంటూ బయటికి వచ్చాను.

ఒక్క ఓటుతో పోయానని చదివారు. ఆ ముద్ర కత్తెర మీద వేసి ఉంటే నాకు డెబ్బై మూడు, ఆవిడకి డెబ్బై రెండు. తొమ్మిదేళ్ళుగా మిషను తొక్కుతూ రోజూ ఇదే లెక్క. నెల తర్వాత తలనొప్పి మాత్రకని ఆవిడ షాపుకి వెళ్తే, "నిజంగా నాకే వేశావా వదినా?" అని పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. ఆవిడ ఓటు ఆవిడే వేసుకుంది.

ఇంతవరకూ అయితే నా తెలివితక్కువతనం అనుకుని ఊరుకోవచ్చు. ఆ రోజు లెక్కింపు దగ్గర అందరూ నా చుట్టూ చేరి "ఎలా పోయింది, ఎలా పోయింది" అంటుంటే నాకు తల కొట్టేసినట్టయింది. చేసిన పని చెప్పుకోవడానికి మొహం చెల్లలేదు. "ఇంట్లోవాళ్ళే ముంచారు" అనేశాను. అబద్ధం కాదు చూడు, ఆ ఇంట్లో మనిషిని నేనే. కాని అక్కడున్నవాళ్ళందరూ నా తోడికోడలి వైపు తిరిగారు. నేను కాదనలేదు. ఎర్రటి ఎండలో నాతో సమానంగా వీధులు తిరిగిన మనిషి. అరికాళ్ళు బొబ్బలెక్కితే నవ్వుతూ చూపించింది. ఆవిడ అలా నిలబడిపోయింది, పిన్నీ అని నువ్వు పిలిచే ఈ మనిషి నోరు మూసుకుని రిక్షా ఎక్కేసింది. ఇంటికి రాగానే కిటికీకి గడియ పెట్టాను. కోపంతో కాదు, ఆవిడ మొహం చూడలేక. ఊరేమో కోపం అనుకుంది, నేనూ అలాగే అనుకోనిచ్చాను.

మీ బాబాయికి కూడా తెలియదు. ఇప్పుడు నీకు తెలుసు.

మీ మాస్టారు మంచివాడే కావచ్చు, కాకపోవచ్చు. నాకనవసరం. నేను నీకు మర్యాద మర్యాద అని నూరిపోశాను, అందులో సగం భయం. నా పని నేను బాగా చేస్తాను, నాకివ్వండి అనడానికి భయం. నీ ఓటు నువ్వు దానం చెయ్యడానికి నీది కాదే. ఆ పదకొండు మంది బస్సు దానికి కట్టి ఉంది. వంటావిడ మూతి ఊరికే ముడవలేదు, నీకూ నాకూ లేని బుర్ర ఆవిడకుంది.

ఇది చదివి నన్ను తిట్టుకో. తిట్టుకున్నాక నీ ఓటు నువ్వు వేసుకో.

పిన్ని

&nbsp;

ఇల్లు, వంటింటి బల్ల

పిన్నీ,

నిన్న అందింది. తిట్టుకున్నాను. చాలాసేపే తిట్టుకున్నాను, మా ఆయన లేచి కాఫీ పెట్టి ఇచ్చేంతసేపు.

తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. ఇచ్చిన మాట చాటుగా తప్పితే నాకూ మందులషాపు ఆవిడకీ తేడా ఏమిటి? అలాగని మాట నిలబెట్టుకుంటే నాకూ నీకూ తేడా లేదు. కాబట్టి ఇవాళ కోటు వేసుకుని తిన్నగా మాస్టారి ఇంటికి వెళ్ళాను. తలుపు కొట్టి అరవై లెక్కపెట్టాను. ఆయన చేతిలో పూలకుండీ, గోళ్ళ నిండా మట్టి.

గుమ్మంలోనే చెప్పేశాను. "సార్, మీకు మాటిచ్చాను. వెనక్కి తీసుకుంటున్నాను. నా ఓటు నాకే వేసుకుంటాను. మీరూ మీది వేసుకోండి."

ఆయన కుండీ కింద పెట్టారు. "ఐదు ఎన్నికల్లో ఐదుగురు సరేనన్నారు. తర్వాత ఏం చేశారో నేనెప్పుడూ అడగలేదు. ఇలా ఇంటికొచ్చి కాదని చెప్పింది నువ్వొక్కదానివే" అన్నారు. "మరి మీ ఓటు?" అన్నాను. "నా ఓటు సంగతి నాకు వదిలెయ్యి" అని చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళిపోయారు. కోపమొచ్చిందో లేదో తెలియలేదు.

రేపే పోలింగు. నాకు భయంగా లేదు. ఇది నీకు వింతగా ఉందా? నాకూ వింతగానే ఉంది.

గడుగ్గాయి

&nbsp;

కుట్టు షాపు

ఏమైందే? ఫోనెత్తవు, ఎత్తినా "ఉత్తరం రాస్తాను" అంటావు. గెలిచావని మీ ఆయన చెప్పాడు. గెలిచావు, ఆ తర్వాత? షాపులో గోడ చుట్టూ పదిమంది నిలబడి ఉన్నారు. ఒక్కరూ కొలతలివ్వడం లేదు. వెంటనే రాయి.

పిన్ని

&nbsp;

నగర సభ భవనం
మూడో వరుస, ఎడమ నుంచి నాలుగో కుర్చీ. నాది.

పిన్నీ,

పది రోజులు రాయలేకపోయాను. ఫోన్లో చెప్పే సంగతి కాదు.

ముందు గది గురించి చెబుతాను. చిన్న చెక్క గది, తెర. పెన్సిలు దారంతో కట్టి ఉంది. నా పేరు చూశాను. నువ్వు గుర్తొచ్చావు, నీ తోడికోడలు గుర్తొచ్చింది, ఆవిడ అరికాళ్ళు గుర్తొచ్చాయి. గీత పెట్టాను. పెన్సిలు ముల్లు విరిగింది, అంత గట్టిగా.

లెక్కింపు బడి హాల్లో. ఒకసారి లెక్కపెట్టారు, నమ్మలేక రెండోసారి లెక్కపెట్టారు. రెండోసారికీ అదే. నాకు రెండు వేల నూట పదహారు. మాస్టారికి రెండు వేల నూట పద్నాలుగు.

రెండే రెండు ఓట్లు పిన్నీ. వంటావిడ నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పింది, నా బరువు నీకు తెలుసు. దించేసరికి ఎదురుగా మాస్టారు. చెయ్యి చాపి, "నీ పదహారులో ఒకటి నాది" అన్నారు.

"మీరు వేసుకుని ఉంటే సమానమయ్యేది సార్" అన్నాను. "తెలుసమ్మా, లెక్కల మాస్టారిని" అన్నారు. మరి ఎందుకు వేశారని అడిగాను. "నువ్వు వెళ్ళాక కొండ మీది ఐదు స్టాపులూ నడిచి ఎక్కాను. ఇరవై ఏళ్ళలో మొదటిసారి. మోకాళ్ళు ఇప్పటికీ పట్టేసి ఉన్నాయి" అని నవ్వారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. గెలిచిన మనిషి ఏడుస్తూ, ఓడిన మనిషి ఓదారుస్తూ, ఫొటో తీసేవాడికి ఏం చెయ్యాలో తెలియక కెమెరా దించేశాడు.

నిన్న ఈ కుర్చీలోంచి నా మొదటి ఓటు వేశాను. పద్నాలుగో నంబరు రూటు ఉంచాలా, కొయ్యాలా. ఏడుగురు ఉంచాలన్నారు, ఆరుగురు వద్దన్నారు. కొండ మీది ఐదు స్టాపులూ ఉన్నాయి. జనం కూర్చునే బల్లల మీద మాస్టారు ఉన్నారు, అందరికన్నా ముందు చప్పట్లు ఆయనవే. సభ సాయంత్రాలే కాబట్టి పొద్దుట ట్రిప్పు ఇంకా నాదే. ఇవాళ చేతిబ్రేకు తియ్యడం మర్చిపోలేదు, అయినా వంటావిడ "కౌన్సిలరుగారూ, ఇక్కడే ఉంటామా?" అంది.

ఇప్పుడు నీ సంగతి. నేను ఒక పెద్దాయన గుమ్మంలో నిలబడి చెప్పగలిగాను. ముక్కూ మొహం తెలియనివాళ్ళ తలుపులన్నీ కొట్టాను. నీకు అడ్డం ఉన్నది ఒక గడియ.

నీ పద్నాలుగు

&nbsp;

వంటింట్లోంచి
కిటికీ దగ్గర పీట వేసుకుని

కౌన్సిలరమ్మా,

గోడ మీద చివరి స్టాపు దగ్గర గీత పెట్టాం. షాపంతా ఈలలు. మీ బాబాయి ఈల వెయ్యగలడని పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళకి తెలిసింది.

నువ్వు గుమ్మంలో చెప్పానన్నావు. నేను గడియ మీద చెయ్యి వేసి మూడు పూటలు వెనక్కి తిరిగాను. నాలుగో పూట తీశాను. తుప్పు పట్టి, సుత్తి పెట్టి కొడితే కాని రాలేదు. ఆ చప్పుడుకి అవతల ఆవిడే వచ్చి నిలబడింది. జుట్టు తెల్లబడిపోయింది, పక్కింట్లో ఉంటూ నేను చూడనే లేదు.

"అక్కా, ఆ ఓటు నేనే వేశాను, గొడుగుకి" అన్నాను. మిగతాదంతా వరసగా చెప్పాను. మందులషాపు ఆవిడ రావడం, నేను మురిసిపోవడం, లెక్కింపు దగ్గర నేనన్న మాట. ఏడవకుండా చెబుదామనుకున్నాను, కుదరలేదు. ఆవిడ అంతా విని, "నా కూతురి పెళ్ళికి నువ్వు రాలేదు. రవికలు వేరే వాళ్ళ చేత కుట్టించుకున్నాం. చంకల దగ్గర పట్టేశాయి" అంది. అని కిటికీ రెక్క మూసేసింది. ఈసారి గడియ అటు వైపు పడింది.

ఇంకో సంగతి నీకు చెప్పలేదు. మా వార్డుకి మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. నాలుగోసారి నామినేషను కాగితం తెచ్చుకున్నాను. నీ ఉత్తరం చదివిన వేడి మీద తెచ్చాను. ప్రతిపాదించేవారి సంతకం అన్న చోటు ఖాళీగా ఉంది. వీధిలో ఎవరిని అడిగినా పెడతారు. నేను ఎవరినీ అడగలేదు. ఆ కాగితాన్ని కిటికీ సందులోంచి అటు తోసి వచ్చాను.

మూడు రోజులు చప్పుడు లేదు. ఆ మూడు రోజుల్లో ఎన్ని జేబులు తలకిందులుగా కుట్టానో అడక్కు. ఇవాళ పొద్దున నేను పాలు కాస్తుంటే అవతల గడియ తీసిన చప్పుడైంది. కాగితం పట్టుకుని చెయ్యి ఇటు వచ్చింది. గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టి ఉంది.

"ఒక షరతు. పోలింగు రోజు నీ వెంట నేనొస్తాను" అంది.

"లోపలికి ఇద్దరిని రానివ్వరక్కా" అన్నాను.

"రానక్కర్లేదు. గుమ్మం దగ్గర నిలబడతాను. నువ్వు బయటికి వచ్చేటప్పుడు నీ మొహం చూస్తే చాలు, ఈసారి ఎవరికి వేశావో నాకు తెలిసిపోతుంది" అంది.

తర్వాత రవిక గుడ్డ ఒకటి కిటికీలోంచి నా ఒళ్ళోకి విసిరింది. ఆ గుడ్డ మీద పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆవిడ అవతల నిలబడి, కొలతలు తీసుకోవడానికి ఎప్పుడొస్తావని అడుగుతోంది. వెళ్ళాలి.

నీ పిన్ని, కత్తెర గుర్తు